రాత్రి లెన్సులు, అమ్మ మొక్కు

ఇప్పుడు పొద్దున్నే కిటికీ తెరిస్తే నా కుడికన్ను మూసుకుపోవడం లేదు. ఇంత చిన్న మాట రాయడానికి నాకు ఐదు నెలలు పట్టింది. మొన్నొక పెళ్లిలో నేను ముస్తాబు చేస్తున్న అమ్మాయి, తనూ రాత్రిపూట పెట్టుకునే లెన్సులు తీసుకోబోతున్నానని చెప్పింది. అవి మంచివా చెడ్డవా, రెండు ముక్కల్లో చెప్పక్కా అంది. నేను చెప్పలేకపోయాను. ఎక్కడ మొదలుపెట్టినా మా అమ్మ దగ్గరికి వెళ్లి ఆగేలా ఉంది. ముహూర్తం వేళ అదంతా ఏం చెబుతాను. అందుకే ఇది రాస్తున్నాను. నేను చదివింది తమిళ బడిలో. తెలుగు రాయడం అమ్మ నేర్పింది. తప్పులుంటే సర్దుకోండి.

నా పేరు హేమ. ఉండేది తిరువళ్లూరులో. మా ఆయన సురేష్ మేనత్త కొడుకే, అంటే నాకు బావ. ఊరికి దగ్గర్లో ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద షిఫ్టులు చేస్తాడు. పుట్టిల్లు మురుగన్ కొండ ఉన్న తిరుత్తణి. కొండకు వెళ్లే మెట్ల దారిలో మాకొక చిన్న అంగడి ఉంది. కర్పూరం, విభూది, పసుపుతాళ్లు, వాటితోపాటు మొక్కుబడి రేకులు అమ్ముతాం. చేయి బాగైతే చేయి రేకు, కాలు బాగైతే కాలు రేకు, కళ్లు బాగైతే కళ్ల రేకు, పల్చటి వెండి రేకు మీద అచ్చు వేసినవి, హుండీలో వేస్తారు. నాన్న పోయాక అంగడి అమ్మే చూసుకుంటోంది.

నాకు మూడో తరగతిలో కళ్లద్దాలు వచ్చాయి. ఆ ఏడే అమ్మ మొక్కుకుంది, నా కళ్లు బాగై అద్దాలు తీసేస్తే సామికి కళ్ల రేకులు వేయిస్తానని. ఇరవై ఏళ్లు గడిచాయి. అద్దాలు పోలేదు సరికదా ఏడాదికోసారి మందం పెరుగుతూ, పవరు నాలుగున్నర దగ్గర ఆగింది. బళ్లో నన్ను సోడాబుడ్డి అనేవారు. అందులో నాకు పెద్ద బాధేం లేదు, తిరిగి తిట్టడం నాకూ వచ్చు. బాధంతా పనిలోకి వచ్చాక మొదలైంది. పెళ్లికూతురికి కాటుక గీత గీయాలంటే ముఖం మీదికి వంగాలి. నా ఊపిరికీ ఆమె ఊపిరికీ అద్దాలు మసకబారేవి, చెమటకు జారి ఆమె బుగ్గ మీద పడేవి. ఒకసారి ఒక పెళ్లికొడుకు పెద్దమ్మ అందరూ వినేలా, కళ్లు కనపడనామెను తెచ్చి కళ్లకు కాటుక పెట్టిస్తున్నారు అంది. నవ్వాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

పంగుని, ఎండలు ముదిరేటప్పుడు

మా ఇళ్లలో నెలలు తమిళ లెక్కే. పంగుని అంటే మార్చి, ఏప్రిల్ మధ్య ఎండలు ముదిరే నెల. తిరువళ్లూరులో నేను అద్దాలు చేయించుకునే చోట కళ్లు పరీక్షించే అమ్మాయి ఈ లెన్సుల సంగతి చెప్పింది. ఆపరేషన్ అంటే నాకు భయం. ఇవి ఆపరేషన్ కాదు. గట్టి లెన్సులు, రాత్రి నిద్రపోయే ముందు పెట్టుకోవాలి. నిద్రలో అవి నల్లగుడ్డు పైభాగాన్ని మెల్లగా నొక్కి దాని వంపు మారుస్తాయి. పొద్దున తీసేస్తే రోజంతా అద్దాలు లేకుండా కనపడుతుంది. నాలుగు రాత్రులు మానేస్తే కన్ను మళ్లీ పాత కన్నే. కాబట్టి ఇది రోగం నయం కావడం కాదు, రోజూ చేసుకునే పని అని ఆమె రెండుసార్లు చెప్పింది. ఇంకోటి మూడుసార్లు చెప్పింది. లెన్సుకు నీళ్లు తగలకూడదు. కుళాయి నీళ్లు, మినరల్ వాటర్, కాచి చల్లార్చినవి, ఏవీ వద్దు. చేతులు కడిగి పొడిగా తుడుచుకుని, వాళ్లిచ్చే సీసాలోని మందునీళ్లతోనే కడగాలి, అందులోనే నానబెట్టాలి. నేను తల ఊపాను. తల ఊపడం నాకు మొదటినుంచీ బాగా వచ్చు.

మొదటి రెండు రాత్రులు కంట్లో వెంట్రుక పడ్డట్టే ఉంది. మూడోనాటికి అలవాటైంది. వారం తిరిగేసరికి ఒక పొద్దున లెన్సులు తీసి, అలవాటుగా అద్దాల కోసం చేయి చాపి, ఆగిపోయాను. ఫ్యాను రెక్కల అంచున పట్టిన దుమ్ము కనపడుతోంది. ఆరేళ్ల కాపురంలో ఆ ఫ్యాను అంత మురికిగా ఉందని నాకు తెలియదు. బావను లేపి చూపిస్తే, ఇన్నాళ్లూ నాకు కనపడుతూనే ఉంది, నువ్వు చెప్పలేదు కదాని ఊరుకున్నా అన్నాడు. నవ్వుతూ ఫ్యాను తుడిచాను, తుడుస్తూ కళ్లనీళ్లు పెట్టుకున్నాను. రాత్రిపూట వీధిదీపాల చుట్టూ కొంచెం వలయాలు కనిపించేవి. అంతకుమించి ఏ ఇబ్బందీ లేదు. ఈ సంగతి న్యాయంగా చెప్పాలి. పంగుని నుంచి ఆవణి దాకా ఆ లెన్సులు నాకు ఏ కీడూ చేయలేదు.

వైకాసి

వైకాసి పెళ్లిళ్ల నెల. తిరుత్తణిలో ఒక పెళ్లికి ఒప్పుకుని ముందురోజు సాయంత్రం అంగడికి వెళ్లాను. అమ్మ కర్పూరం పొట్లాలు కడుతోంది. తలెత్తి చూసింది. నా ముఖం మీద అద్దాలు లేవు. ఎక్కడో మరిచిపోయి వచ్చాననుకుని కంగారుపడింది. లేదమ్మా, లేకుండానే కనపడుతుంది ఇప్పుడు అన్నాను. ఎదురు గోడమీద ఉన్న బోర్డు చదివి చూపించాను కూడా. తర్వాతి మాట లెన్సుల గురించి చెప్పాలనే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఈలోపు అమ్మ రెండు చేతులూ ఎత్తి కొండవైపు తిరిగి మొక్కుతోంది. 

"ఇరవై ఏండ్లయ్యె సామీ, ఇప్పటికి కనికరించినావా" అంది.

అప్పుడు ఎలా చెప్పాలి? రేపు చెబుదాంలే అనుకున్నాను. రాత్రి ఆమె పడుకున్నాక ముస్తాబు పెట్టెలోంచి లెన్సులు తీసి గోడవైపు తిరిగి పెట్టుకున్నాను. పొద్దున ఆమె లేవకముందే తీసేశాను. మందునీళ్లు చిన్న సీసాలో పోసి తెచ్చుకుని, అది ముస్తాబు తుడిచే మందు అని చెప్పాను. పగలు కళ్లకు ఏమీ పెట్టుకోవడం ఉండదు కనుక అనుమానానికి చోటే లేదు. బావకు ఫోన్‌లో చెబితే నచ్చలేదు. అత్తకు చెప్పేయి, ఇట్లాంటివి ఎక్కడో ఒకచోట తగులుకుంటాయి అన్నాడు. అతను నాలుగు మాటలు మాట్లాడే రకం కాదు. అందుకే నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఆడి

ఆడికృత్తిక సామి పండుగ, ఆ రోజు కొండ కిక్కిరిసిపోయింది. పూల కావళ్లతో మెట్లు కనపడలేదు. అమ్మ అంగడిలో అమ్మే పల్చటి రేకులు కాకుండా, నాకోసమని కంసాలి దగ్గర మందంగా కళ్లు చేయించింది. నా చేతే హుండీలో వేయించింది. నేను వేశాను. కళ్లు మూసుకుని సామికి క్షమాపణ చెప్పుకున్నాను. దేవుడికి చెప్పాను కదా, ఇక అమ్మకు చెప్పనక్కర్లేదు అన్నట్టు నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

కిందికి వచ్చాక ఇంకోటి మొదలైంది. అంగడికి వచ్చి కళ్ల రేకుల మీద చేయి వేసిన ప్రతివాళ్లకీ అమ్మ నన్ను చూపించేది. మా పాప, సోడాబుడ్డి వేసుకునేది, ఇప్పుడు చూడండి అనేది. తమిళంలో, తెలుగులో, ఎవరికి ఏది వస్తే దానిలో. వాళ్లు నా ముఖంలోకి చూసేవారు. ఒక ముసలాయన నా కళ్లకు దండం పెట్టాడు. అమ్మ అబద్ధం చెప్పి వ్యాపారం చేసే మనిషి కాదు. రేకులో వెండి తక్కువుంటే తక్కువని చెప్పి అమ్ముతుంది. ఆమె నోటితో ఆ మాట చెప్పిస్తున్నది నేను. ఆ రోజంతా నవ్వుతూ నిలబడ్డాను. అప్పుడే చెప్పి ఉంటే ఒక గంట ఏడ్చేది, అంతే.

ఆవణి

ఆవణిలో, అంటే ఆగస్టు చివర్లో, తిరుత్తణిలోనే వరసగా రెండు పెళ్లిళ్లు కుదిరాయి. రెండు రాత్రులు అమ్మ దగ్గర ఉండాలి. మొదటి ముహూర్తం తెల్లవారక ముందే. చీకట్లో లేచి లెన్సులు తీశాను. సీసా తిప్పితే ఒక చుక్క కూడా లేదు. తిరువళ్లూరులో నింపుకోవడం మరిచిపోయాను. మండపం నుంచి అప్పటికే రెండుసార్లు ఫోన్ వచ్చింది.

కిటికీలో రాగి చెంబు ఉంది. అమ్మ రాత్రి నీళ్లు పోసి పెట్టి, పొద్దున పరగడుపునే తాగుతుంది, ఒంటికి మంచిదని. ఒంటికి మంచివి కంటికి చెడ్డవి ఎందుకవుతాయి అనుకున్నాను. లెన్సుల డబ్బీలో ఆ నీళ్లు పోసి మూత బిగించి పెట్టె అడుగున దాచాను. ఆ రాత్రి వాటినే తీసి కళ్లలో పెట్టుకుని పడుకున్నాను. పొద్దున మళ్లీ అవే నీళ్లు. చెప్పడానికి అరనిమిషం కూడా పట్టని పని ఇది. మందుల అంగడిలో అడిగితే ఆ సీసా దొరికేదో ఏమో, అడగనైనా లేదు. అమ్మ ఎక్కడ చూస్తుందోనని.

రెండో పెళ్లి అయిన మర్నాటికి కుడికన్ను ఎర్రబడింది. సాయంత్రానికి నీళ్లు కారడం మొదలైంది. వెలుతురు చూస్తే కంట్లోంచి తల వెనక దాకా ఎవరో సూది దింపినట్టుండేది. లెన్సులు ఆపేశాను, ఊరికి వెళ్లలేక అమ్మ దగ్గరే ఉండిపోయాను. అమ్మ చూసి మెడ్రాస్ ఐ అంది. మా వైపు ఎర్రగా మారిన కంటికల్లా అదే పేరు. నందివర్ధనం పూలు నీళ్లలో నానబెట్టి, మూసిన రెప్పల మీద పరిచింది. చిన్నప్పటినుంచీ నా కళ్లకు ఆమె చేసిన వైద్యం అది. చల్లగా ఉంటుంది, ఎంతో ప్రేమగా ఉంటుంది. వద్దని చెప్పాలంటే ఎందుకు వద్దో చెప్పాలి. పడుకుని చేయించుకున్నాను.

మూడోరోజుకు తగ్గక, ఊళ్లో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. పెద్దాయన, నిదానస్తుడు. టార్చి వేసి చూసి, లెన్సులేమైనా పెట్టుకుంటావామ్మా అని తమిళంలో అడిగాడు. నేను నోరు తెరిచేలోపు పక్కనుంచి అమ్మ అందుకుంది.

"లెన్సు యాడిది సార్, దానికి అద్దాలే లేవు. మురుగన్ తీసేసినాడు" అంది గర్వంగా.

డాక్టరు నావైపు చూశాడు. నేను తల ఊపాను.

ఆయన తప్పేం లేదు. తెలిసినదాన్ని బట్టి మందిచ్చాడు, రెండు రోజుల్లో తగ్గకపోతే పెద్దాసుపత్రికి వెళ్లమన్నాడు. ఆ రెండు రోజులూ పోయాయి. ఆ తల ఊపడం గురించి నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. నోటితో చెప్పలేదు కనుక అది అబద్ధం కాదని అప్పుడు అనిపించింది. కంటికి ఆ తేడా తెలియదు కదా.

రెండో రోజు పొద్దున ఎడమకన్ను మూసి చూస్తే గోడమీద క్యాలెండర్ కనపడలేదు. తేదీలు కనపడకపోవడం కాదు, క్యాలెండరే లేదు. తెల్లటి మంచు. నల్లగుడ్డు మీద తెల్లమచ్చ ఉండడం అద్దంలో ఎడమకంటితో చూశాను. బావకు ఫోన్ చేసి రమ్మన్నాను.  గొంతు విని అతను షిఫ్టు మధ్యలో వదిలేసి, చెన్నై దారిలోనే ఉన్న తిరువళ్లూరులో మా రైలు పెట్టె వెతుక్కుని ఎక్కాడు. మేం ముగ్గురం చెన్నై వెళ్లాం. దారంతా అమ్మ తన చీరకొంగు నా తలమీద కప్పి వెలుతురు అడ్డుపెట్టింది. నేను ఆ కొంగులో తల దూర్చుకుని, ఎప్పుడు చెప్పాలి ఎప్పుడు చెప్పాలి అని స్టేషన్లు లెక్కపెట్టుకున్నాను. ఆఖరి స్టేషన్ వచ్చింది.

కంటి ఆసుపత్రి వరండాలో జనం. పైన ట్యూబులైట్లు. నేను బెంచీ మీద ముడుచుకుని ఉంటే, మూలన గోడ నీడలో కూర్చున్న ఒకామె లేచి వచ్చి నన్ను తన చోటులో కూర్చోబెట్టింది. ఆరంబాక్కం మనిషి, తెలుగామె. భర్త కంటికి చేపముల్లు గుచ్చుకుని పది రోజులుగా తిరుగుతున్నారట. ఆమె తన భర్తను కూడా లేపి ఎండలో నిలబెట్టి మాకు చోటిచ్చింది. ఆయనకు ఒక కంటికి కట్టు కట్టి ఉంది. పేరు అడగలేదు నేను. తర్వాత ఎన్నిసార్లు ఆ వరండాకు వెళ్లినా వాళ్లు కనపడలేదు.

లోపల డాక్టరమ్మ కంట్లో ఏదో రంగుచుక్క వేసి, గడ్డం యంత్రం మీద పెట్టించి చాలాసేపు చూసింది. చూస్తూనే, కాంటాక్ట్ లెన్స్ పోడురీంగళా అంది. లెన్సులు పెట్టుకుంటారా అని. వెనక నిలబడ్డ అమ్మ, లేదు మేడం, దానికి అద్దాలే లేవు అని మొదలుపెట్టింది.

"పెట్టుకుంటా" అన్నాను. "రాత్రిపూట. పంగుని నుంచి."

గడ్డం యంత్రం మీదే ఉంది. వెనక్కి తిరగలేను. అందుకే చెప్పగలిగానేమో. నీళ్లేమైనా తగిలాయా అని డాక్టరమ్మ అడిగింది. చెంబు సంగతి చెప్పాను. డబ్బీలో ఎన్ని రోజులు, ఏ రోజు నుంచి నొప్పి, అన్నీ చెప్పాను.  వెనక అమ్మ లెక్క వేసుకుంటోందని నాకు తెలుసు. పంగుని తర్వాత వైకాసి, వైకాసి తర్వాత ఆడి. కాసేపటికి తలుపు చప్పుడైంది. అమ్మ బయటికి వెళ్లిపోయింది.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. నల్లగుడ్డు మీద పుండు పడింది, నీళ్లలోంచి వచ్చిన క్రిమి కావచ్చు, పరీక్షకు పంపిస్తాం, గంటగంటకూ మందు పడాలి, పగలూ రాత్రీ అంది. చూపు వస్తుందా అని బావ అడిగాడు. ముందు కన్ను నిలవనివ్వండి అంది. ఆ మాటకు బావ కుర్చీ చేయి పట్టుకోవడం నా ఎడమకంటికి కనపడింది.

పురట్టాసి

అమ్మ అంగడికి తాళం వేసి మాతో తిరువళ్లూరు వచ్చేసింది. పురట్టాసి నెలంతా తాళమే. నాన్న పోయినప్పుడు కూడా అన్ని రోజులు మూయలేదు. వచ్చింది కానీ నాతో మాట్లాడలేదు. బావతో మాత్రం ఒకసారి అంది, నువ్వన్నా నాకు చెప్పకపోతివే అల్లుడా అని. అతను తల దించుకున్నాడు. ఆ రాత్రి అన్నం తినకుండా షిఫ్టుకు వెళ్లాడు. చెప్పమని మొదట్నుంచీ అన్నది అతనే, ఆ సంగతి అమ్మకు చెప్పి నన్ను ఇరికించలేదు. నేనే తర్వాత చెప్పాను.

మందు చుక్కలు మూడు సీసాలు. ఒకటి గంటకోసారి, ఒకటి రెండు గంటలకు, ఇంకోటి రోజుకు మూడుసార్లు. పేర్లు ఇంగ్లీషులో, అమ్మకు అది చదవడం రాదు. పసుపుతాడు, ఎర్రతాడు, నల్లతాడు తెచ్చి ఒక్కో సీసా మెడకు ఒకటి కట్టింది. గడియారం ఎదురుగా చాప వేసుకుని కూర్చుంది. గంట కాగానే వచ్చి నా రెప్ప వేలితో పైకెత్తి చుక్క వేసేది. ఆ మందు మంటకు నేను కాళ్లు నేలకేసి కొట్టుకునేదాన్ని. ఆమె ఇంకో చేత్తో నా నుదురు నొక్కి పట్టేది. చుక్క పడ్డాక చేయి తీసేసేది. నొక్కినంతసేపే ఆ చేయి. ఒక్క మాట లేదు. ఎనిమిది రోజులు ఇట్లాగే గడిచాయి. నొప్పి కంటే ఆ మౌనానికే నేను ఎక్కువ భయపడ్డాను. కన్ను పోతుందన్న భయం మధ్యాహ్నాల్లో వచ్చేది, ఇంట్లో ఎవరి చప్పుడూ లేనప్పుడు. ఇక కాటుక గీయలేను, బండి నడపలేను, ఒంటికన్నుతో అద్దంలో నన్ను నేను ఎలా చూసుకోవాలి అని.

తొమ్మిదోనాడు చుక్క వేశాక చేయి తీయలేదు. అలాగే ఉంచి, మెల్లగా అడిగింది.

"ఆడిలో రేకులు చేయించేటప్పుడన్నా చెప్పుండచ్చు గదా పాపా."

నువ్వు అంత సంతోషంగా ఉంటివి, ఎట్ల చెప్పేది అన్నాను.

"నా సంతోషానికి నీ కన్ను పెట్టినావా" అంది.

 ఏడిస్తే మందు కొట్టుకుపోతుందని డాక్టరమ్మ చెప్పింది, అయినా ఏడ్చాను. అమ్మ కొంగుతో తుడవబోయి, కొంగు మురికని గుర్తొచ్చి ఆగి, ఆసుపత్రి వాళ్లిచ్చిన దూది తెచ్చి తుడిచింది. మళ్లీ గంట కాకుండానే ఇంకో చుక్క వేసింది.

ఆ తర్వాత చాలాసేపటికి, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు ఇంకో మాట అంది. ఎంతమందికి నిన్ను చూపించినానో తెలీదు, వాళ్లలో ఎవురన్నా బిడ్డను డాక్టరు దగ్గరికి తీసకపోకుండా రేకులేసి ఊరుకుండింటే? అది నా మనసుకు ఎప్పుడూ తట్టలేదు. నా కన్ను, నా భయం, నా అబద్ధం, వీటి దగ్గరే నేను తిరుగుతున్నాను. ఆమె అప్పటికే ముక్కూ ముఖం తెలియని బిడ్డల దాకా వెళ్లిపోయింది.

దీపావళి వచ్చే అయిప్పశి నెల వానలకు పుండు మానడం మొదలైంది. గంటకోసారి వేసే చుక్క నాలుగు గంటలకు మారింది. అమ్మ అంగడి తెరిచింది. ఒక మధ్యాహ్నం నేను అంగడి లోపల నల్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఉంటే, ఒక పడుచామె చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చి కళ్ల రేకులు అడిగింది. బిడ్డ కన్ను ఊసులు కట్టి ఉంది. అమ్మ రేకులు తీయలేదు. డాక్టరుకు చూపించినావా అని అడిగింది. లేదంటే, ముందు ఆ పని చూసుకుని రామ్మా, సామి యాడికీ పోడు, రేకులు నేను ఎత్తిపెడ్తా అంది. ఆమె కొంచెం చిన్నబుచ్చుకుని వెళ్లింది. తిరిగి వచ్చిందో లేదో నాకు తెలియదు.

అమ్మకు సామి మీద నమ్మకం ఏమీ తగ్గలేదు. ఇప్పటికీ పొద్దున్నే కొండవైపు తిరిగి దండం పెడుతుంది. నా కన్ను నిలిచింది ఆయన వల్లే అంటుంది. డాక్టరమ్మ వల్ల కూడా అంటుంది. ఇద్దరి పేర్లూ చెబుతుంది. నేను కాదనను, ఎందుకంటే నాకూ తెలియదు.

తై

సంక్రాంతి వచ్చే నెల ఇది. పెళ్లికి ముస్తాబు చేయించుకున్న ఆ అమ్మాయికి ఇప్పుడు చెబుతున్నాను. ఆ లెన్సులు చెడ్డవి కావు. మా వీధిలోనే ఒక పిల్లవాడు రెండేళ్లుగా పెట్టుకుంటున్నాడు, వాళ్లమ్మ చేతులు కడిగి తుడిచి తనే పెడుతుంది, వాడికి ఏమీ కాలేదు. నీకు అవి పనికొస్తాయో లేదో డాక్టరు చెప్పాలి. తీసుకుంటే మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి పెట్టుకో. నిన్ను నిద్రలేపే మనిషికి, నీకు జ్వరమొస్తే పక్కన కూర్చునే మనిషికి తెలిసి ఉండాలి. కన్ను ఎర్రబడితే ఒక్క రోజు కూడా చూడకు. నీళ్ల సంగతి కళ్లు పరీక్షించే అమ్మాయి నీకు మూడుసార్లు చెబుతుంది. నాలుగోసారి నేను చెబుతున్నాను.

నాకు మళ్లీ అద్దాలు వచ్చాయి. కుడికన్ను నల్లగుడ్డు మీద బియ్యపుగింజంత మచ్చ ఉండిపోయింది. ఎడమకన్ను సాయంతో కాటుక గీస్తాను. మునుపటికంటే నిదానంగా గీస్తాను కనుక గీత బాగా వస్తోందని ఒకరిద్దరు అన్నారు. అది నన్ను ఓదార్చడానికో ఏమో.

పోయిన వారం ఆసుపత్రిలో చూపు పరీక్ష. అమ్మ కూడా వచ్చింది. చార్టు ఎదురుగా బెంచీ మీద చాలాసేపు కూర్చోబెట్టారు. నా ముందు నలుగురు ఆ అక్షరాలు బిగ్గరగా చదివారు. వద్దనుకున్నా నాకు అన్నీ కంఠతా వచ్చేశాయి. నా వంతు వచ్చింది. ఎడమకన్ను మూసి, కుడికంటితో చదవమంది పరీక్ష చేసే అమ్మాయి. పైనుంచి నాలుగు వరుసలు చదివాను. ఆగి ఆగి, కానీ చూసే చదివాను. అయిదో వరుస మసక. అందులో ఏ అక్షరాలున్నాయో నా నోటి చివరనే ఉన్నాయి. చదివితే వెనక కూర్చున్న అమ్మ ముఖం ఎలా అవుతుందో కూడా తెలుసు.

"ఇది కనపడలేదు" అన్నాను.

ఆ అమ్మాయి కాగితం మీద రాసుకుని, కొంచెం ఆగమని లోపలికి వెళ్లింది. అమ్మ లేచి నా పక్కకు వచ్చి నిలబడింది. చార్టువైపు చూసింది. అవి ఇంగ్లీషు, ఆమెకు చదవరాని అక్షరాలు.

"యాడిదంకా కనపడె?" అని అడిగింది.

నాలుగో వరుస దాకా అన్నాను.

"ఆ నాలుగు నాకు చదివి చెప్పు" అంది.

ఎడమకన్ను చేత్తో మూసుకుని, పైనుంచి మళ్లీ మొదలుపెట్టాను.